మూసిన తలుపుల వెనుక నుంచి ఒక కొప్పు: యార్క్‌షైర్ మ్యూజియం ‘క్యూరేటర్ల పోటీ’పై సమీక్ష

2020 ఏప్రిల్ 17, శుక్రవారం నాడు ఇంగ్లండ్‌లోని యార్క్ నగరానికి చెందిన యార్క్‌షైర్ మ్యూజియం తన ట్విట్టర్ ఖాతాలో ఒక కొప్పు ఫొటో పెట్టింది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఒక రోమన్ స్త్రీ సమాధిలో దొరికిన కొప్పు అది. ఎర్రజీర కలిసిన గోధుమరంగు జుట్టు, చుట్టిన చుట్టు చెదరలేదు, గుచ్చిన రెండు నల్లటి పిన్నులు గుచ్చినచోటే ఉన్నాయి. ఆ వారం మ్యూజియం ఎత్తుకున్న అంశం ‘ఒళ్ళు జలదరింపజేసే వస్తువు’. మా దగ్గర ఇది ఉంది, దీన్ని మించినది మీ దగ్గర ఉందా అని అది తక్కిన మ్యూజియాలన్నిటికీ సవాలు విసిరింది. కరోనా కారణంగా మూతపడిన మ్యూజియాలు జనం కోసం చేసిన పనుల్లో నేను వారం వారం ఎదురుచూసి మరీ చూసినది ఈ ‘క్యూరేటర్ల పోటీ’ (మ్యూజియం వస్తువుల బాగోగులు చూసేవాళ్ళే క్యూరేటర్లు) ఒక్కటే. అందులో నాకు మేలనిపించినదేమిటో, మనసు ఒప్పుకోనిదేమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను లీడ్స్‌లో ఉంటాను. రైలెక్కితే అరగంటలోపే యార్క్ చేరుకోవచ్చు. రోమన్లు క్రీస్తుశకం 71లో ఎబొరాకమ్ అనే పేరుతో కట్టిన కోటపట్నం అది. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి 211లో కన్నుమూసిందీ, 306లో కాన్‌స్టాంటైన్‌ను సైన్యం చక్రవర్తిగా ప్రకటించిందీ అక్కడే. ఊరి నేలలో ఎక్కడ గునపం దించినా ఏదో ఒకటి బయటపడుతుంది కనుక, అలా బయటపడినవాటిని భద్రపరచడానికి 1822లో ఏర్పడిన యార్క్‌షైర్ ఫిలసాఫికల్ సొసైటీ పూనుకొని, 1830లో ఈ మ్యూజియాన్ని తెరిచింది. సెయింట్ మేరీ మఠం శిథిలాల మధ్య, పెద్ద తోటలో ఉంటుంది. 2002 నుంచి యార్క్ మ్యూజియమ్స్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ దాన్ని నడుపుతోంది. 2018లో ఒక శనివారం నేనక్కడ రెండు గంటలు గడిపాను. కాపర్‌గేట్‌లో 1982లో దొరికిన శిరస్త్రాణం, నీలం పొదిగిన మిడిల్‌హామ్ బంగారు పతకం బాగా గుర్తున్నాయి. ఈ కొప్పును చూసిన గుర్తు మాత్రం నాకు లేనేలేదు. ఒకవేళ అద్దాల వెనుక ఉండి ఉంటే పక్క నుంచే నడిచిపోయి ఉంటాను. ఒక్కో గదిలో వందలకొద్దీ వస్తువులను చూసే కళ్ళకు పక్కన రాసి ఉన్న చీటీలు ఆనవు.

2020 మార్చి 23న బ్రిటన్‌లో లాక్‌డౌన్ ప్రకటించారు, రెండు రోజులకు భారతదేశంలోనూ మొదలైంది. మ్యూజియాలు మూతపడ్డాయి, సిబ్బంది ఇళ్ళకు పరిమితమయ్యారు. చాలా సంస్థలు అప్పటికే తయారుగా ఉన్న వీడియోలను, గదుల మధ్య బాణం గుర్తులు నొక్కుతూ తిరిగే చిత్రాలను ముందుకు తెచ్చాయి. అవి అవసరమే గాని, వాటిని చూస్తున్నంతసేపూ ఖాళీ గదుల్లో ఒంటరిగా తిరుగుతున్నట్టే ఉండేది; ఇంట్లో ఉన్న ఒంటరితనం చాలదన్నట్టు అదొకటి. యార్క్‌షైర్ మ్యూజియం ఎంచుకున్న పద్ధతి వేరు. వారానికొక అంశం, ఒకే ఒక్క ఫొటో, నాలుగు మాటలు, ఆపైన ఇతర మ్యూజియాలకు పిలుపు. అంశాన్ని చాలాసార్లు ఖాతాను అనుసరించేవాళ్ళే ఎన్నుకున్నారు. ఈ జలదరింపు అంశం కూడా అలా వచ్చినదే. ఇందులో ఖర్చు దాదాపు లేదు, కొత్త సాంకేతికత అసలే లేదు. అయినా చూసేవాడికి ఒక సంగతి అర్థమైపోతుంది: తలుపు వెనుక మనుషులున్నారు, వాళ్ళు తమ వస్తువుల గురించి ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

జవాబులు ఆ సాయంత్రానికే మొదలై, ఆ తర్వాతి రోజుల్లో వరదలా వచ్చాయి. నారిచ్ కాజిల్ మ్యూజియం పిల్లల తలల బొమ్మలు కుట్టిన గుండుసూదుల దిండును చూపించింది. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం మేకులు, సూదులు గుచ్చిన గొర్రె గుండెకాయను పెట్టింది. చేతబడి తిప్పికొట్టడానికి మెడలో కట్టుకునేందుకు చేసినది అది. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ మ్యూజియం వాళ్ళు ఒక పాత భవనం గోడలో దొరికిన చక్రాల గొర్రెబొమ్మను చూపించి, తనంతట తానే కదులుతుందని రాశారు. అదే ట్రస్టు కిందనున్న యార్క్ కాజిల్ మ్యూజియం పీతకాళ్ళతో, పీతడెక్కలతో చేసిన బొమ్మలు పేకాట ఆడుతున్న దృశ్యాన్ని పెట్టింది. బెర్లిన్‌లోని జర్మన్ చరిత్ర మ్యూజియం పంపిన వస్తువు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. అది 1650–1750 నాటి ప్లేగు వైద్యుడి ముసుగు, పక్షి ముక్కులా పొడుచుకొచ్చిన తోలు ముక్కు, కళ్ళ దగ్గర గుండ్రటి అద్దాలు. గాలిలోని చెడు వాసనే జబ్బును మోసుకొస్తుందని నమ్మిన కాలంలో, ఆ ముక్కులో సుగంధద్రవ్యాలు కూరుకొని రోగి దగ్గరికి వెళ్ళేవారు. ఆ ఫొటో చూసిన రోజున మా ఇంట్లో వంటగది తీగ మీద నేనూ మా ఆయనా ఉతికి ఆరేసుకున్న గుడ్డమాస్కులు ఆరుతున్నాయి. మూడు శతాబ్దాల కింద ఊపిరికి భయపడిన మనిషి ఎవరో నా ఎదుట నిలబడినట్టయింది. ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఒక్క వస్తువు అంత పని చేయగలదని అంతకుముందు నాకు తెలియదు.

ఆ శుక్రవారం సాయంత్రం తెనాలిలో ఉన్న అమ్మకు వీడియోకాల్ చేశాను. మాకు అయిదు, అక్కడ తొమ్మిదిన్నర. అమ్మ భోజనం ముగించి వరండాలో కూర్చుని ఉంది. ఫొటో పంపి, ఇది చూస్తే ఇక్కడివాళ్ళందరికీ భయమేస్తోందటమ్మా అన్నాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూసింది.

“భయమెందుకే? ఎంత చక్కగా ముడేశారో చూడు. ఆ రెండో పిన్ను ఎడమ పక్క నుంచి గుచ్చారు. తనంతట తను వేసుకున్న ముడి కాదిది, వెనక నిలబడి ఎవరో వేశారు.”

తర్వాత కాసేపటికి, “పోయినావిడకు తల దువ్వి, కొప్పు పెట్టి పంపించారన్నమాట. ఎవరో బాగా కావలసినవాళ్ళే అయ్యుంటారు,” అంది. ఆ రోజుల్లో మా బంధువుల్లో ఒకరు ఆసుపత్రిలో పోతే ఇంటికి తీసుకురావడానికి వీల్లేకపోయింది. అమ్మ ఆ మాట పైకి అనలేదు, నేనూ అనలేదు.

కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమే అంటారు గదా. ఈ కొప్పు మాత్రం వేసిన చేతుల గురించి మాట్లాడించింది. ట్విట్టర్‌లో అప్పట్లో ఒక్కో ట్వీటుకు 280 అక్షరాలే దక్కేవి కనుక అక్కడ రాసినది తక్కువ. కుతూహలం పుట్టాక వెళ్ళి చూడవలసిన చోటు యార్క్ మ్యూజియమ్స్ ట్రస్ట్ వెబ్‌సైటులో ఉన్న సేకరణల జాబితా. ఈ సేవకు నిజమైన బలం అదేనని నా అభిప్రాయం. కరోనాకు ముందే ఏళ్ళ తరబడి కూర్చొని వస్తువుల వివరాలను, ఫొటోలను నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టిన సంస్థ కనుకనే, ఇంట్లో కూర్చున్న సిబ్బంది వారానికొక వస్తువును చేతికందినట్టు తీయగలిగారు. జాబితా రాసి ఉంచని మ్యూజియం మూతపడిన మరునాడు ఏం చూపిస్తుంది?

కొప్పు కథ తవ్వినకొద్దీ పెరిగింది. యార్క్‌లో ఇప్పుడున్న రైల్వేస్టేషన్‌ను 1877లో తెరిచారు. దానికోసం నేల తవ్వుతున్నప్పుడు పెద్ద రోమన్ శ్మశానం బయటపడింది. 1875లో అక్కడే ఈమె సమాధి దొరికింది. రాతి పేటిక, దానిలోపల సీసపు పేటిక, దేహం చుట్టూ జిప్సం పోసి ఉంది. ఆ పిన్నులు చేసిన జెట్ అనే పదార్థం చూడ్డానికి నల్లరాయిలా ఉంటుంది గాని నిజానికి రాయి కాదు, కోట్ల ఏళ్ళు నేలలో నలిగి శిలాజమైన చెట్టు కర్ర. చేతిలో పెట్టుకుంటే రాయిలా చల్లగా ఉండదు, బరువూ ఉండదు. యార్క్‌కు ఈశాన్యాన, సముద్రపు ఒడ్డున ఉన్న విట్‌బీ దగ్గర దొరుకుతుంది. రోమన్ల కాలంలో యార్క్‌లోనే దాన్ని చెక్కి పిన్నులు, గాజులు, పూసలు చేసేవారు. ఈ రెండు పిన్నుల తలలను రెండు చెవులున్న చిన్న కలశాల్లా చెక్కారు. అంటే మనిషి రోమన్ స్త్రీ, జుట్టు ముడి రోమన్ ముడి, పిన్ను మాత్రం ఆ జిల్లా సరుకు. నేను యార్క్ వెళ్ళిన ప్రతిసారీ దిగే ప్లాట్‌ఫారాల చుట్టుపక్కలే ఆమెను పాతిపెట్టారని తెలిశాక, ఆ స్టేషన్ నాకు మునుపటిలా కనబడదు. ఊరి చరిత్రను చెప్పడమంటే నా దృష్టిలో ఇదే. ఈ ఒక్క కొప్పు మూలంగా నేను యార్క్ గురించి తెలుసుకున్నది 2018 నాటి రెండు గంటల సందర్శనంలో తెలుసుకున్నదానికంటే ఎక్కువ.

ఇక మనసుకు పట్టని సంగతి. ‘ఒళ్ళు జలదరింపజేసే వస్తువు’ అన్న అంశం కింద ఈ కొప్పును పెట్టడం నాకు సరైనదనిపించలేదు. సూదుల దిండు, గొర్రెబొమ్మ, పీతల పేకాట వస్తువులు. వాటిని చూసి జడుసుకున్నా, నవ్వుకున్నా ఎవరికీ నొప్పి లేదు. కొప్పు ఒక మనిషి శరీరంలో భాగం, ఎవరో ప్రేమగా సాగనంపిన మనిషిది. సమాధిలో నుంచి తీసి ప్రదర్శనకు పెట్టడమే తేలికగా తీసుకోవలసిన విషయం కాదు. పెట్టినప్పుడు ఆమెను మొదట మనిషిగా పరిచయం చేసి, ఆ తర్వాతే తక్కినవి మాట్లాడాలి. ‘అందమైన అలంకరణ’ అనో, ‘మనవాళ్ళను ఎలా సాగనంపాం’ అనో అంశం పెట్టి ఇదే ఫొటో వేసి ఉంటే ఆ ఏప్రిల్ నెలలో అది వేలమందికి ఓదార్పు అయ్యుండేది. అయితే అంతమంది కళ్ళు దానిమీద పడి ఉండేవా అని ఎవరైనా అడిగితే, పడి ఉండేవి కావనే ఒప్పుకుంటాను. జలదరింపు అనే మాటే ఆ పోటీని దేశాలు దాటించింది, వార్తాపత్రికలకు ఎక్కించింది. జూన్ చివర్లో విగ్రహాల పిరుదుల మీద పెట్టిన పోటీ కూడా అలాగే పాకింది. ఒక రోమన్ క్రీడాకారుడి పాలరాతి విగ్రహాన్ని వెనుకనుంచి చూపిస్తూ మొదలుపెట్టారు. శిల్పి పనితనాన్ని గమనించడానికి అదీ ఒక దారే గాని, అమ్మకు మాత్రం ఆ వారం ఫొటో పంపలేదు.

ఇంకొక వెలితి నాకు కొంత ఆలస్యంగా తట్టింది. పోటీ క్యూరేటర్లదీ, మ్యూజియాలదీ. బెర్లిన్ నుంచి, కెనడా నుంచి జవాబులొచ్చాయి, ప్రపంచమంతా చూసింది. కానీ యార్క్ వీధుల్లో ఉండేవాళ్ళు తమ ఇళ్ళలో ఉన్నవాటిని తీసుకొచ్చి పెట్టేందుకు ఈ పోటీలో చోటు లేదు. ఊరివాళ్ళకు దక్కినవి అంశం ఎన్నుకోవడం, మెచ్చుకోవడం, వ్యాఖ్య రాయడం. స్థానిక మ్యూజియం అన్నప్పుడు ఇంకాస్త ఆశిస్తాం. అదే కాలంలో మరికొన్ని మ్యూజియాలు ఆ పని చేశాయి. మ్యూజియం ఆఫ్ లండన్ ఏప్రిల్‌లోనే, లాక్‌డౌన్ జీవితాన్ని చూపే వస్తువులనూ అనుభవాలనూ ఇవ్వమని నగరవాసులను కోరింది. ఆ ఏడాది చివర్లో లండన్‌వాళ్ళకు ఆ రోజుల్లో వచ్చిన కలలను కూడా సేకరించే ప్రయత్నం మొదలుపెట్టింది. జపాన్‌లోని హొక్కైదో దీవిలో ఉరహోరో అనే చిన్న ఊరుంది. ఆ పురపాలక మ్యూజియం క్యూరేటర్ ఊరివాళ్ళను కుట్టుకున్న మాస్కులు, ఉత్సవం రద్దయిందని అంటించిన కాగితాలు, దుకాణాల కరపత్రాలు పారేయకుండా తెచ్చి ఇమ్మన్నారు. రేపు చెత్తబుట్టలో పడబోయే కాగితమే ఎల్లుండి చరిత్ర అని ముందుగా గుర్తించడానికి ఎంత చూపు కావాలి! యార్క్ పోటీ అందంగా ఉంది, దూరాలకు చేరింది. ఉరహోరో పని నిశ్శబ్దంగా ఉంది, లోతుకు దిగింది. రెంటిలో ఒకటే చేయగలిగే స్తోమతున్న చిన్న మ్యూజియం ఏదైనా నన్ను సలహా అడిగితే ఉరహోరో దారినే వెళ్ళమంటాను.

యార్క్‌షైర్ మ్యూజియం చేతిలో ఆ రోజులకు సరిగ్గా అతికే మరొక వస్తుసముదాయం ఉంది. దాన్ని ఈ పోటీలో ఎప్పుడైనా ముందుకు తెచ్చి ఉంటే అది నా కంటపడలేదు. 1901లో యార్క్‌లోని సికమోర్ టెరస్ దగ్గర నాలుగో శతాబ్దం నాటి యువతి సమాధి దొరికింది. రాతి పేటికలో ఆమెతోపాటు జెట్ గాజులు, ఏనుగుదంతం గాజులు, నీలిరంగు గాజుపూసలు, అద్దం, చిన్న గాజు కూజా ఉన్నాయి. ఒక ఎముక పలక మీద లాటిన్‌లో “సోదరీ, శుభం, దేవునిలో జీవించు” అనే అర్థమిచ్చే మాటలున్నాయి. 2010లో రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆమె పుర్రె కొలతలను, పళ్ళలోని రసాయన గుర్తులను పరిశీలించి, ఆమెకు ఆఫ్రికా మూలాలు ఉండి ఉండవచ్చనీ, బాల్యం మరింత వెచ్చని ప్రాంతంలో గడిచి ఉండవచ్చనీ తేల్చారు. ఎక్కడినుంచో వచ్చి, ఈ చలిగాలి ఊళ్ళో స్థిరపడి, విట్‌బీ జెట్ గాజునూ దూరదేశపు దంతం గాజునూ కలిపి తొడుక్కున్న అమ్మాయి. విమానాలు ఆగిపోయి, పుట్టింటికి వెళ్ళే దారి మూసుకుపోయిన ఆ నెలల్లో నాలాంటి వలసవాళ్ళు ఇంగ్లండ్‌లో లక్షలమంది ఉన్నారు. ఆ గాజుల ఫొటో వేసి, మీరు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నదేమిటో చూపించండి అని అడిగి ఉంటే, నేను తప్పక నా పెళ్ళినాటి మట్టిగాజుల పెట్టె తీసి ఉండేదాన్ని.

వాడుకకు ఎంత సులువు అన్న ప్రశ్నకూ జవాబు చెప్పాలి. ఫోను, ఇంగ్లీషు, ట్విట్టర్ అలవాటు ఈ మూడూ ఉన్నవాళ్ళకు ఇంతకంటే సులువైనది లేదు. డబ్బు అడగదు, పది నిమిషాలు చాలు, పిల్లలతో కలిసి చూడవచ్చు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మధ్యలో ఒక మనిషి కావాలి. అమ్మకు నేనున్నాను. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఎనభయ్యేళ్ళ పెద్దావిడకు స్మార్ట్‌ఫోనే లేదు. వారానికొకసారి సరుకులు గుమ్మం దగ్గర పెట్టి, దూరంగా నిలబడి నేనే ఆమెకు ఆ వారం వస్తువును నోటితో వర్ణించి చెప్పేదాన్ని. కొప్పు సంగతి విన్నప్పుడు, తన చిన్నప్పుడు నాయనమ్మ దుఃఖదినాల్లో పెట్టుకునే జెట్ బ్రూచి ఒకటి ఉండేదని గుర్తు చేసుకుంది. అలాంటి జ్ఞాపకాలు ఆ ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో! వాటిని అందుకోవడానికి తపాలా బిళ్ళ అంటించిన ఉత్తరమో, ఒక ఫోన్‌కాలో ట్విట్టర్ కంటే బాగా పనిచేస్తాయి. బ్రిటన్‌లో అప్పట్లో చాలా మ్యూజియాలు కాగితం మీద అచ్చువేసిన పనుల పొట్లాలను ఇళ్ళకు పంపాయి. ఈ పోటీకి అలాంటి కాగితపు తోడు ఒకటి ఉంటే పూర్తిగా మెచ్చుకునేదాన్ని. అయిదింటికి నాలుగు మార్కులు వేయడానికి కారణం ఇదే. తగ్గిన ఆ ఒక్క మార్కులో సగం ఊరివాళ్ళ గొంతు వినబడనందుకు, తక్కిన సగం ఆ కొప్పు ఆవిడ కోసం.

మే నెల మొదట్లో అమ్మ తనంతట తనే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పోటీ పెట్టింది. ఎవరింట్లో పాత వస్తువు ఏముందో ఫొటో తీసి, ఎవరిదో, ఎక్కడిదో రాసి పెట్టమంది. గుంటూరు నుంచి పెద్దమ్మ రాగి మరచెంబు చూపించింది. హైదరాబాదు నుంచి బాబాయి తాతయ్యగారి కలంపెట్టె పెట్టాడు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య దగ్గర పాతది ఏమీ దొరక్క, 2001లో వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళిన ఇడ్లీ రేకుల ఫొటో పెడితే, అదీ లెక్కే అంది అమ్మ. తను మాత్రం అటక మీదనుంచి గిద్ద, సోల, తవ్వ, మానిక దింపించి, చింతపండుతో తోమి వరుసగా పేర్చింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ అని మా పిల్లలకు ఫోన్లోనే బియ్యం కొలిచి చూపించింది. సోల అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంది. అదెలా జరిగిందని అడిగితే, నాయనమ్మ కోపంలో ఒకసారి గడప మీదికి విసిరిందని చెప్పింది; ఆ కథ మా ఎవరికీ అంతవరకు తెలియదు. తర్వాత అమ్మ వాటిని మళ్ళీ అటకెక్కించలేదు. పాత కేలండరు వెనుక కత్తిరించిన చీటీల మీద బాల్‌పెన్నుతో రాసి ఒక్కోదానికి పురికొసతో కట్టింది. సోలకు కట్టిన చీటీ మీద ఇలా ఉంది: “మా అత్తగారిది. ఇత్తడి. కొల్లిపర సంతలో కొన్నారు. సొట్ట ఆవిడే పెట్టారు, తీయించవద్దు.”